మట్టి లేని సాగు

సూర్యప్రకాష్ చేతిలోని ప్లాస్టిక్ గొట్టం రెండోసారి వాచ్‌మన్ మంగరాజు భుజం మీద పడింది.

"మట్టి లేకుండా, నీళ్లు పారిస్తూ మేడ మీద పాలకూర పెంచుతుంటే, గొట్టాల్లో మట్టి కుక్కుతావా?"

"పొద్దుననగా కరెంటు పోయిందండీ. మోటారు ఆగిపోయింది..."

"ఆగితే? నిన్నెవడు ముట్టుకోమన్నాడు?"

ఈసారి కాలితో తన్నాడు. మంగరాజు నీళ్ల ట్యాంకుకు కొట్టుకుని కూలబడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"చల్లపల్లి అవతల, కాలవ చివర శివారు పొలమండీ మాది. కాలవ ఆగిందంటే ముందు గట్టుకున్న గండి పూడ్చేస్తాం. మడిలో ఉన్న నీళ్లన్నా నిలుస్తాయని."

"ఇది నీ పొలం కాదురా!" గొట్టం మళ్లీ లేచింది.

"ఆగండి!" సూర్యప్రకాష్ భార్య పద్మశ్రీ అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుంది. "ముందు ఇటు చూడండి."

ఒకదాని మీద ఒకటిగా అయిదు వరసల గొట్టాలు. పై నాలుగింట్లో నీళ్లు జారిపోయాయి. మే నెల ఎండకు ఆకులు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. చివర మట్టితో మూసిన అడుగు వరసలో మాత్రం నీళ్లు నిలిచి, పాలకూర నిటారుగా ఉంది.

సూర్యప్రకాష్ గొంతు తగ్గింది. "పైవి మూయలేదేం?"

"మేడ మీద మట్టెక్కడుందండీ? అమ్మగారి పూలకుండీలోది ఒక్క వరసకే వచ్చింది."

సూర్యప్రకాష్ గొట్టం కింద పడేశాడు. పక్కనున్న బక్కెట్టు మంగరాజు ముందుకు జరిపాడు.

"కిందికెళ్లి మట్టి తే. మూసేసి ట్యాంకు నీళ్లు పోద్దాం."

మంగరాజు లేవలేదు.

"చెయ్యి లేవట్లేదండీ. మీరే తెచ్చుకోండి."