వేరు పొయ్యి

"పొయ్యి వేరు పెట్టుకోండి. వాగు పక్కన మేకల కొట్టం ఖాళీగానే ఉంది, కాస్త బాగుచేసుకుంటే సరి," అంది అత్తగారు.

షాగా చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్ళయి నెల తిరగలేదు. చైనాలోని ఆ నోసువాళ్ళ కొండల్లో చిన్నకొడుకు పెళ్ళాంతో సహా తల్లి పొయ్యి దగ్గరే ఉండాలి. గెంటేశారంటే ఊరంతా కోడలినే అంటుంది.

కారణం షాగాకు తెలుసు. తన ఉద్యోగమే. డాక్టర్లు చైనీసులో చెప్పే ఎయిడ్స్ సంగతుల్ని తమ నోసు భాషలో ఇంటింటికీ వెళ్ళి చెబుతుంది. రోగులున్న ఇళ్ళలో కూర్చుంటుంది, పెట్టింది తింటుంది. అందుకే కాబోలు, కోడలు గడప తొక్కిన రోజే అత్తగారు గిన్నె విడిగా పెట్టుకుంది. అందరి కర్రచెంచాలూ ఒకే పులుసుగిన్నెలో మునగాల్సిన చోట!

మూజీ మాత్రం నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంప ఒలిచి, ఉఫ్ ఉఫ్‌మని ఊది, రోజూ పెళ్ళాం నోట్లోనే పెట్టేవాడు. ఆ ముద్ద కోసమే షాగా ఇంటికి పరుగెత్తుకొచ్చేది.

"ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీలో పడి ఉండి, పెళ్ళికి ఇల్లు చేరాను. ఇన్నాళ్ళూ అమ్మ ఒక్కతే ఉంది. ఇప్పుడు ఆమెను వదిలి మేకల కొట్టంలోకి పొమ్మంటావా? మానెయ్ ఆ ఉద్యోగం," అన్నాడు మూజీ.

"మానను. ఊరందరికీ చెప్పినదాన్ని, మీ అమ్మకు చెప్పలేనా?"

మర్నాడు మూజీ పొలానికి వెళ్ళగానే అత్తగారి ముందు బొమ్మల అట్టలు పరిచింది.

"ఏం కోడలుపిల్లా, మేకల్లోకి ఎప్పుడు కాపురం?" అని వీధిలోంచి ఓ పెద్దావిడ కేకేసి పోయింది. షాగా చెవులు మండాయి. అయినా మొదలుపెట్టింది.

అత్తగారు బొమ్మలు చూడలేదు. కోర్టులో లాయరులా అడిగింది.

"ఒక గిన్నెలో తింటే?"

"అంటదత్తా."

"ఒక కంబళి కప్పుకుంటే?"

"అంటదు."

"దగ్గితే?"

"జలుబు అంటుతుంది."

"వేళాకోళం చాలు. రేపు మనవడు పుడతాడు. ఎత్తుకుని ముద్దాడితే?"

షాగా బుగ్గలు ఎర్రబడ్డాయి. "వాడికి ఎన్ని ముద్దులు పెట్టినా అంటదు. వాడే ఇంకా రాలేదు గానీ!"

"ఒట్టెయ్."

"ఒట్టు! రక్తంతో, పడకతో, తల్లినుంచి బిడ్డకు, అంతే అత్తా. మందు సరిగ్గా వాడితే ఆ భయమూ చాలావరకు పోతుంది."

అత్తగారు పొయ్యిలో నిప్పులు ఎగదోసింది. కళ్ళు తుడుచుకుంది. పొగ కాబోలనుకుంది షాగా.

"కొట్టమూ వద్దు, పాడూ వద్దు. ఇక్కడే ఉండండి."

షాగా గంతేసినంత పని చేసింది. ఊళ్ళో అందరికంటే మొండిమనిషిని ఒప్పించింది! సాయంత్రం మూజీ దగ్గర ఎలా బడాయి పోవాలో కూడా ఆలోచించేసుకుంది.

"హమ్మయ్య! అయితే నా మీద అనుమానం పోయినట్టేనా?"

"నీ మీద అనుమానమేంటే, పిచ్చిపిల్లా!" అంది అత్తగారు. "ఇన్నేళ్ళ బట్టీ ఆస్పత్రివాళ్ళు నాకూ ఆ మాత్రలే ఇస్తున్నారు గానీ, ఈ ముక్క మన భాషలో ఒక్కరూ చెప్పలేదే!"