షౌకత్ బీ సంతకం

వకీలు సోమశేఖర్ కారు కాగితాలన్నీ చదివి బల్ల మీద పెట్టాడు.

"వాహెద్ భాయ్, బానెట్ ఎత్తి చూసినవా, రంగు చూసి మురిసినవా?"

అబ్దుల్ వాహెద్ తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య షౌకత్ బీ అందుకుంది.

"పెండ్లప్పుడు నన్ను గూడ గట్లనే చూసిండు వకీల్ సాబ్. నయం, నేనింకా నడుస్తున్న."

కార్వాన్‌లో కొన్న పాత కారు. నాలుగో రోజే బార్కస్ దగ్గర ఇంజన్ పట్టేసింది. అమ్మినవాడు వాపసు తీసుకోనన్నాడు. పైగా కిస్తీలు ఆగితే మొఘల్‌పురాలోని ఇల్లు జప్తు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. ఆ ఇల్లు షౌకత్ బీకి తల్లి ఇచ్చింది. రెండు గదులు. మొగుడూ పెళ్లాలకు వేరే నీడ లేదు.

"అన్నీ చూసుకొనే కొన్నమని రాసిచ్చిన్రు. కారు వాపసు పోవుడు కష్టం. ఇల్లు మాత్రం దక్కుతది," అన్నాడు సోమశేఖర్. "భార్య పేరున ఉన్నదాన్ని భర్త ఒక్కడే తాకట్టు పెట్టలేడు. ఆమె సంతకం ఉండాలె."

చివరి కాగితం తిప్పి, కింద షౌకత్ బీ పేరుతో ఉన్న సంతకం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది మీది కాదనుండ్రి అమ్మా. చాలు."

"మరి ఈయన?"

"దొంగ సంతకం కేసైతది. జైలుకు పోవచ్చు."

"షౌకత్, నేను…" అన్నాడు వాహెద్.

"నువ్వు ఊకో." ఆమె కాగితం వైపు చూడలేదు. "నాదే సాబ్. ఈయన వద్దన్నా నేనే చేసిన. కారు మోజు నాకే మస్తుండె."

"మల్లొక్కసారి ఆలోచించుండ్రి. రోడ్డున పడతరు."

"నా ఇల్లు, నా మోజు. మీకేం ఫికర్?"

వాహెద్ రుమాలులో మొహం దాచుకున్నాడు. అతన్ని చూస్తే సోమశేఖర్‌కు జాలేసింది, ఆమెను చూస్తే ఒళ్లు మండింది.

"మీ మోజు ఆయన నెత్తికి తెచ్చిన్రు గదమ్మా."



రేపు ఈమె మాట మారిస్తే చెడ్డపేరు తనకొస్తుంది. అందుకే సోమశేఖర్ ఆమె చెప్పిందంతా ఒక తెల్ల కాగితం మీద రాశాడు. పైకి చదివి వినిపించాడు. కింద గీత గీసి పెన్ను అందించాడు.

షౌకత్ బీ పెన్ను అందుకోలేదు. ఎడమచేతి బొటనవేలు చాచి, సిరా డబ్బా ఏదని అడిగింది.