శ్రీకర్ కట్టిన బాణీ

వినేవారి మనసును బట్టి ఫోనులో పాట దానంతట అదే మారిపోయే రోజులవి. ఇరవై ఏళ్లపాటు తరళ పాటలు రాసింది, ఆమె అన్న శ్రీకర్ బాణీలు కట్టాడు. వాళ్లు చేసింది చేసినట్టుగా ఒక్క పాటా ఎవరి చెవికీ చేరలేదు.

శ్రీకర్ పోయాక జరిగిన సంతాపసభలో అభిమానులు అతని పాట ఒకటి అందుకున్నారు. తలా ఒక మాట, తలా ఒక రాగం. రెండో పాదానికే ఆగిపోయి ముఖముఖాలు చూసుకున్నారు.

తరళ లేచి, అన్న కట్టినట్టే పాడింది.

"ఇదెవరి పాటమ్మా? ఎప్పుడూ వినలేదే!" అంది ముందు వరుసలోని పెద్దావిడ.

"మా అన్నదేనండీ. ఇందాక మీరంతా పాడబోయిందే."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మొదటి పాదం మళ్లీ చెప్పు తల్లీ, నేర్చుకుంటాం."

తరళ చెప్పింది. మూడోసారికి సభంతా ఒకే రాగంలో పలికింది. అది వినాల్సిన మనిషి మాత్రం పటంలో ఉన్నాడు.