పొట్టి గుమ్మం

షోషన్నమ్మ గోడకి మళ్ళీ మేకు కొట్టింది.

"గోడకు గాయమైంది. నయం చేస్తున్నాను" అంది ఇల్లు, ఎప్పట్లాగే మర్యాదగా.

ఈ కాలపు గోడలు చెట్లలా పెరుగుతాయి, పగుళ్ళు తామే పూడ్చుకుంటాయి. తెల్లారేసరికి మేకు బయటికి వచ్చేసింది, మెజూజా నేలమీద పడింది. వేలెడంత చెక్క గొట్టం అది; లోపల తోలు మీద చేత్తో రాసిన దేవుడి మాట. గుంటూరు యూదులైన ఆమె పెద్దలు పూరిపాక గుమ్మానికి కూడా దాన్ని కట్టుకునే బతికారు.

అపార్ట్‌మెంట్ మేనేజరు పరంధామ్ నవ్వాడు. "మేకులెందుకు మామ్మగారూ? ఆ మాటలేవో గోడమీదే వెలిగేట్టు పెట్టిస్తా. రంగు మీ ఇష్టం."

"నువ్వు వెలిగిస్తే నువ్వే ఆర్పుతావు నాయనా. మమ్మల్ని ఆర్పాలని చూసిన రాజులే పోయారు. నీ గోడెంత?"

ఆ మధ్యాహ్నమే, కూల్చేసిన తన పాత ఇంటి ద్వారబంధాన్ని ట్రాలీ ఆటోలో తెప్పించింది. గోడను తాకకుండా తలుపు ముందు నిలబెట్టించి, కుడివైపు చెక్కకి మెజూజా కొట్టింది. ఏనాడో ఎండిన వేపచెక్క మేకుని పట్టుకుని ఇక వదల్లేదు.

"దారిలో అడ్డంకి ఉంది. మేనేజరుకు తెలియజేస్తున్నాను" అంది ఇల్లు.

"చెప్పుకో పో" అని, మెజూజాని తాకి ఆ వేళ్ళని ముద్దుపెట్టుకుంది.

సాయంత్రానికి పరంధామ్ పరుగున వచ్చాడు. పాతకాలపు గుమ్మం అతని భుజాలదాకే ఉంది.

"దీన్ని తీయించెయ్యాలి మామ్మగారూ!"

"తీయిద్దువుగానిలే. ముందు తల వంచి లోపలికి రా."