తిప్పి పంపిన బోణీ

బండి మీద సంత్రా పండ్లు పేర్చడం అప్పుడే అయింది. అగరబత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

సంగీత స్టీలు సీసా ముందుకు చాపింది.

"దీన్నిండ పొయ్యి పెద్దయ్యా. ఐసు వద్దు."

జగిత్యాలలో ఓ ఆసుపత్రి గేటు పక్కన జ్యూస్ బండి అది. బండివాడు రాజమల్లు. అంత ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టుకుంటాడు. మాట పొదుపు మనిషి.

సంగీత మొగుడు జలపతి పైఅంతస్తులో ఉన్నాడు. ఏడేళ్ళు మస్కట్‌లో స్లాబుల మీద ఎండకు మాడి, వాచిన కాళ్ళతో గొల్లపల్లికి తిరిగొచ్చాడు. కిడ్నీలు పోయాయన్నారు. తాగే నీళ్ళకు కూడా లెక్క పెట్టారు.

అలాంటి మనిషి నోరు తెరిచి ఒక్కటి అడిగాడు. గుక్కెడు సంత్రా రసం. డబ్బాది వద్దన్నాడు. మస్కట్ క్యాంపులో అది తాగీ తాగీ విసుగొచ్చిందట, పిండినదే కావాలన్నాడు.

నీళ్ళు తక్కువ, పండ్లు వద్దు, కొబ్బరి నీళ్ళు వద్దని సిస్టర్ మొదటిరోజే వేళ్ళు మడిచి చెప్పింది. సంగీత శ్రద్ధగానే విన్నది. కానీ రసం పండూ కాదు, నీళ్ళూ కాదు కదా! రోగిని చూడవచ్చే చుట్టమల్లా జ్యూసే కదా తెచ్చేది! ఇదీ ఆమె లెక్క.

రాజమల్లు సంత్రా కోసి, పిండబోయి ఆగాడు.

"సీసల దాస్తె చేదెక్కుతది బిడ్డా. పిండిన గంటల తాగాలె. ఎవలికి?"

"మా ఆయనకు. పైన నెత్తురు కడిగే మిషన్ కాడున్నడు."

రాజమల్లు కత్తి కింద పెట్టాడు. సీసాను మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఐతె నేనియ్య. డబ్బల జ్యూసు గూడ పొయ్యకు."

ఇంతలో ఇద్దరు వచ్చి చెరో గ్లాసు అడిగారు. అతను అటు తిరిగాడు.

బోణీ బేరాన్ని తిప్పి పంపే వ్యాపారిని ఎవరైనా చూశారా? నష్టానికైనా ఇచ్చి, పైసలు కళ్ళకద్దుకుంటారు. మరి తనను ఎందుకు పొమ్మన్నట్టు? చావుబతుకుల మనిషి ఇంటి పైసలతో రోజు మొదలుపెట్టడం ఇష్టం లేకనే. సంగీతకు అంతే తోచింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

"మా పైసలు బోనికి పనికి రావా పెద్దయ్యా?"

ఆ ఇద్దరి ముందే అడిగేసింది. జవాబు కోసం ఆగలేదు. వెనక నుంచి "ఓ బిడ్డా" అని రెండుసార్లు పిలిచాడు. నాలుగడుగులు వెంట వచ్చి, ఆయాసంతో నిలబడిపోయాడు.

డబ్బాదీ వద్దన్న అతని మాటను కోపంలో లెక్కచెయ్యక, సంగీత రోడ్డు దాటి దుకాణంలో లీటరు డబ్బా కొన్నది. సీలు చూసింది, తేదీ చూసింది. వార్డులో ఫ్రిజ్ లేదు గనుక తడి తువ్వాల చుట్టి కిటికీలో పెట్టింది.

డబ్బాను చూసి జలపతి మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా తాగాడు. పొద్దున కొంత, మధ్యాహ్నం కొంత, చీకటి పడేలోపు అంతా. దాహం తీరిన మొగుణ్ణి చూసి సంగీతకు ప్రాణం లేచొచ్చింది. బండివాణ్ణి మాత్రం నాలుగు తిట్టుకుంది.

తెల్లవారి మంగళవారం.

"కాళ్ళు లేస్తలేవు సంగీతా," అన్నాడు జలపతి. మాట కూడా ముద్దగా వచ్చింది.

డాక్టరు పరుగున వచ్చాడు. కిటికీలో ఖాళీ డబ్బా చూసి సిస్టర్ నెత్తి కొట్టుకుంది.

"పండు వద్దంటె రసం గూడ వద్దనే గదమ్మా. ఇసొంటోళ్ళకు గా రసమే గుండెను ఆపుతది."

వెంటనే మిషన్ ఎక్కించాలన్నారు. అన్ని మిషన్ల మీదా మనుషులున్నారు. ఒకటి ఖాళీ కాబోతోంది గానీ, దాని కోసం నంబరున్న మనిషి బల్ల మీద కూర్చునే ఉన్నాడట.

సంగీత ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలోనే కూలబడింది. తన చేత్తో తానే పోసింది కదా.

కాసేపటికి సిస్టర్ వచ్చి భుజం తట్టింది. ఎవరో తన నంబరు వదిలిపెట్టాడట, సాయంత్రం దాకా ఓర్చుకుంటానన్నాడట. సంగీత తలెత్తేసరికి, ఒక మనిషి గోడ పట్టుకుని మెట్లు దిగిపోతున్నాడు. కన్నీళ్ళలో వీపు తప్ప ఏమీ కనబడలేదు.

మధ్యాహ్నానికి జలపతి కాళ్ళు కదిపాడు.

గురువారం గానీ సంగీతకు కిందికి దిగే తీరిక దొరకలేదు. బండివాడు ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది. చేతులు జోడించి తప్పు ఒప్పుకుందామనుకుంది.

బండి మీద తాడిపత్రి పట్టా కప్పి ఉంది. కింద గంపలో సంత్రాలు తోలు ముడతలు పడ్డాయి.

పక్కనే చాయ్ కొట్టు ఐలయ్యది. జ్యూస్ బండి పెద్దయ్య రాలేదా అని అతన్ని అడిగింది.

ఐలయ్య చాయ్ వడపోయడం ఆపాడు.

"మంగళారం పొద్దుగూకకముందే పాణం పోయిందమ్మా. గాయన గూడ పైన మిషన్ మీది మనిషే, నాలుగేండ్ల సంది. మస్కట్ పోయి గీ రోగం తెచ్చుకున్నడు. చేతి మీద సూదుల గడ్డలు జూస్తె ఎవలు తాగరని, పొడుగు చేతుల అంగి ఏసేటోడు. గిన్ని సంత్రలు పిండిండు గని, ఒక్క గుక్క నోట్ల పోసుకోలె."

సంగీత బండి అంచు పట్టుకుంది.

"ఆ దినం గాయన నంబరే. ఎవలికో ఇచ్చి దిగచ్చిండు. ఎందుకిచ్చినవంటే, 'నిన్న నేను బోని కాదన్న పిల్ల పైన డబ్బ ఒళ్ళె వెట్టుకొని ఏడుస్తున్నదిరా, ఎందుకు వద్దంటున్ననో ఒక్క మాట చెప్పి పంపకపోతి, తప్పు నాదే' అన్నడు."