కేకు జల్లెడ

"ఇంకొక్క కేకు మెయిలు నా కంట పడిందంటే, ఈ మెయిళ్ల పని బయటి కంపెనీకి అప్పజెప్పేస్తా. నువ్వు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చో" అంది బోడిల్.

డెన్మార్కులో ఆర్హుస్ అనే ఊళ్లోని ఆ బీమా ఆఫీసుకి ఆవిడ మేనేజరు. మెయిళ్ల వ్యవహారమంతా చూసేది పాలె.

పాపం, ఆవిడ కోపంలోనూ న్యాయముంది. అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. కంప్యూటరు లాక్ చేయకుండా కాఫీకి లేచినవాడి గతి ఇంకా అన్యాయం. పక్కసీటువాళ్లు వాడి పేరు మీదే "రేపు కేకు నాది" అని ఆఫీసంతటికీ మెయిలు కొట్టేస్తారు. ఇక చచ్చినట్టు తేవాల్సిందే. "వంటగదిలో కేకు ఉంది" అని మెయిలు రాగానే కుర్చీలన్నీ ఖాళీ. ఫోన్లు మోగి మోగి ఊరుకుంటాయి.

"ఒక్కటి కూడా నీదాకా రాదు, చూస్తూండు" అన్నాడు పాలె.

రెగెక్స్‌తో జల్లెడ కట్టాడు. మాట ఎన్ని వేషాలేసినా పట్టేసే నమూనా అది. సబ్జెక్టులో కేకు అని ఉంటే ఆ మెయిలు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

జనం ఊరుకుంటారా? అక్షరాల మధ్య చుక్కలు పెట్టారు. దొరికిపోయారు. "కేఏఏఏకు" అని సాగదీశారు. అదీ దొరికింది. కేకు పేరెత్తకుండా "వంటగదిలో తీపి కబురు" అన్నారు. పాలె మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఆ మాటలూ చేర్చాడు.

ఆఫీసు బుద్ధిగా పనిలో పడింది. బోడిల్ మురిసిపోయింది.

లెక్కలు చూసే గిట్టె మాత్రం మండిపడుతూ వచ్చింది.

"ఏమయ్యా పాలె, రుబార్బ్ కేకు చేసి తెచ్చి, మెయిలు కొడితే ఒక్క పురుగు రాలేదు! పోనీ అనుకుంటే, సాయంత్రానికి పళ్లెం నాకేసినట్టుంది. తిన్న మహానుభావులెవరో, బాగుందని ఒక్క ముక్క చెప్తే నోరు పడిపోతుందా?"

"ఏం చేస్తాం గిట్టె, తిని మూతి తుడుచుకునే రోజులు" అన్నాడు పాలె, స్వెటరు దులుపుకుంటూ.

"ఆ దిక్కుమాలిన జల్లెడ తీసెయ్."

"అమ్మో, నా ఉద్యోగం ఊడుతుంది!"

"రేపు నా పుట్టినరోజు. ఆపిల్ కేకు తెస్తున్నా. ఎవడొస్తాడో నేనూ చూస్తా" అని విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు గిట్టె "వంటగదిలో ఆపిల్ కేకు, రండి" అని అందరికీ పంపింది. ఒక్కరూ సీట్లోంచి కదల్లేదు. తెలిస్తేగా!

జల్లెడ పట్టుకున్న మెయిళ్లన్నీ వచ్చి చేరే ఒకే ఒక్క కంప్యూటరు టింగుమంది, పాలె సొరుగులోంచి ఫోర్కు తీశాడు.