కాలవ నీళ్ళలో ఊదారంగు

పోలమ్మ రంగద్దిన తడి నూలు చిలపల్ని కట్టకి కట్టా దులిపి వెదురు దండెం మీద వేస్తోంది.

పెరటి పాకలో మాణిక్యాలరావు ఊదారంగు నీళ్ళున్న సీసాని ఒక పెట్టెలో పెట్టి మీట నొక్కాడు. లోపల దీపం వెలిగింది. పైన ముల్లు కదిలింది.

వచ్చిన రోజు నుంచీ ఇదే పని. చేనేత సొసైటీ ప్రెసిడెంటు సుందరరావు అతన్ని తీసుకొచ్చి, “హైదరాబాదు లేబరేటరీ నుంచి వచ్చేరు. కొన్నాళ్ళు మీ పాకలో ఉంటారు” అని వదిలి వెళ్ళాడు.

“ఆ ముల్లు ఏం చెబుతుందండీ?” అడిగింది పోలమ్మ.

“నీళ్ళలో రంగెంత ఉందో చెబుతుందండి. నూలు ముంచి తీశాక మళ్ళీ చూస్తాను. తగ్గినంతా నూలు తాగినట్టు.”

“దానికి మా ఊరే దొరికిందాండీ?”

“మీ కాలవ నీళ్ళలోనే చూడాలండి. నీరు మారితే రంగు మారుతుంది కదా.”

అది అద్దకం వాళ్ళు బయట చెప్పుకోని మాట. ఇతనికెలా తెలిసింది?

“ఏ కంపెనీ రంగండీ?”

“కంపెనీది కాదండి. కంటికి కనపడని పురుగులు చేసింది. రంగు పుట్టించే గుణాన్ని ఒక పురుగులోంచి తీసి, తొందరగా పెరిగే ఇంకో పురుగులో పెట్టాం. వాటిని అక్కడే చంపేసి రంగొక్కటే తెచ్చాను.”

పోలమ్మ గబగబా వీధరుగు మీదికి వెళ్ళింది. మొగుడు బుల్లిరాజు చేతులు గాలికి ఆరబెట్టుకుంటున్నాడు. రంగు పట్టడానికి కాస్టిక్ సోడా కలిపిన తొట్టెలో ముంచి ముంచి వేళ్ళన్నీ పుళ్ళు పడ్డాయి. అన్నం కూడా పోలమ్మే కలిపి ముద్దలు పెడుతోంది.

“విన్నారా? పురుగులు రంగు చేస్తాయంట. ఇంక మనమెందుకు?”

“చెయ్యనీవే. పురుగుల్నడిగి ఓ పూట సెలవు తీసుకుంటాను.”

“నవ్వకండి. ఆమధ్య ఒకాయన ఇలాగే అండీ అండీ అంటూ వచ్చి మీ అన్నయ్య నేసిన చీర అంచు ఫొటో తీసుకెళ్ళేడు. ఏడాది తిరక్కుండా ఆ అంచు మరమగ్గం మీద దిగిపోయింది. ఇప్పుడు మీ అన్నయ్య తాటిపాక ఊళ్ళో గేటు కాడ కాపలా కాస్తున్నాడు.”

బుల్లిరాజు నవ్వు ఆగిపోయింది.

“సుందరరావు గారు తెచ్చిన మనిషే.”

“అప్పుడూ ఎవరో పెద్దమనిషే తెచ్చేడు.”

మర్నాడు పొద్దున్న మాణిక్యాలరావు కాలవకి స్నానానికి వెళ్ళాడు.

పోలమ్మ నూలు తెలుపు చేసే బ్లీచింగు నీళ్ళు చెంబుతో తెచ్చింది. ప్రతి సీసాలోనూ పోసింది. మూలనున్న రంగు జాడీలోనూ పోసింది. ఊదా కాస్తా పసుపు తిరిగి, చివరికి మజ్జిగతేటలా అయిపోయింది.

అతను తిరిగొచ్చాడు. ఒక సీసా ఎత్తి వెలుగులో చూశాడు. ఇంకోటి చూశాడు. జాడీ మూత తీసి వాసన చూశాడు. తర్వాత పోలమ్మ వైపు చూశాడు.

‘మా పొట్టలు కొట్టడానికి వచ్చి...’ మాట నాలుక మీదే ఉంది. అతను అరిస్తే అనేద్దామని నిలబడింది.

అతను అరవలేదు. సీసాలు సంచీలో సర్దుకుని, బుల్లిరాజు కూర్చున్న వీధరుగు మీదికి తెచ్చాడు. పోలమ్మ వెనకే వచ్చింది.

సైకిలు స్టాండు వేసి సుందరరావు అరుగు దగ్గరికొచ్చాడు.

“ఏవండీ, నూలు తాగిందా?”

“లేదండి. రంగు నిలబడలేదు. నేనే ఎక్కడో పొరపాటు చేశాను.”

పోలమ్మ చేతిలో చెంబుని వెనక్కి పెట్టుకుంది.

“మళ్ళీ చేద్దురుగాని.”

“ఉన్నదంతా తెచ్చేశానండి. ఈసారి కుదరకపోతే ఈ పని ఆపెయ్యమన్నారు మా పైవాళ్ళు.” పెట్టె కోసం పాకలోకి వెళ్ళాడు.

సుందరరావు అరుగు మీద కూలబడ్డాడు.

“నీ రాత ఇంతేరా బుల్లిరాజూ.”

“నాకేటండీ?”

“కాస్టిక్ అక్కర్లేని రంగురా అది. ఉత్త నీళ్ళలో ముంచితే పట్టేస్తుందంట. మిల్లువాళ్ళు అడిగినా ఇవ్వకుండా, ఈయన అద్దకం వాళ్ళకే ఇస్తానన్నారు. చేతులు బాగా పాడైన మనిషి ఎవరని అడిగితే నీ పేరు చెప్పేను. కుదిరేదాకా ఆశ పెట్టొద్దని నా నోరు కట్టేసేరు.”

బుల్లిరాజు పోలమ్మ మొహం చూశాడు. ఆమె వెనక దాచిన, బ్లీచింగు వాసన కొడుతున్న చెంబు చూశాడు. అంతా అర్థమైంది.

మాణిక్యాలరావు పెట్టె పట్టుకుని వచ్చాడు. బుల్లిరాజు లేచి దణ్ణం పెట్టబోయాడు. పుళ్ళు పడ్డ వేళ్ళు కలవలేదు.

ఎవరి కోసం వచ్చాడో ఆ చేతుల్ని ఒక్కసారి చూసి, మాణిక్యాలరావు తల దించుకుని, అరుగు దిగి వెళ్ళిపోయాడు.